ఇంటర్నేషనల్ కోస్టల్ క్లీనప్: మూడు సెప్టెంబర్ల అనుభవంతో ఒక సమీక్ష

సముద్ర తీరాన్ని శుభ్రం చేసే కార్యక్రమాలకు నేను చాలా కాలంగా వెళ్తున్నాను. అయితే ఏరిన ప్రతి వస్తువుకూ కాగితం మీద ఒక గీత గీసి, ఆ తర్వాతే దాన్ని సంచిలో వేయమని నన్ను అడిగిన మొదటి కార్యక్రమం ఇంటర్నేషనల్ కోస్టల్ క్లీనప్. అమెరికాకు చెందిన ఓషన్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఏటా సెప్టెంబర్ మూడో శనివారాన్ని ప్రధాన దినంగా పెట్టుకుని ప్రపంచమంతటా నిర్వహించే ఈ కార్యక్రమంలో వరుసగా మూడేళ్లు పాల్గొన్నాను. మొదటి ఏడు మామూలు వాలంటీరుగా వెళ్లాను, తర్వాతి రెండేళ్లు ఒక చిన్న బృందానికి సమన్వయకర్తగా పనిచేశాను. సముద్రం గురించి పదిమందికీ తెలియజెప్పాలనుకునే నివాసుల సంఘాలు, బడులు, యువజన సంఘాలు దీన్ని నమ్మి ఒక ఉదయం కేటాయించవచ్చా, కేటాయిస్తే వారికి ఏం దక్కుతుంది, ఏం దక్కదు అన్నది వివరంగా రాయడం అవసరమనిపించింది.

అంతకు ముందు నేను వెళ్లిన కార్యక్రమాల పద్ధతి వేరు. ఒక సంస్థ తరఫున ఒకసారి దాదాపు రెండు వందల మందిమి తెల్లవారింది మొదలు ఎండెక్కే దాకా ఒడ్డు పొడవునా చెత్త ఏరాము. బ్యానరు ముందు సంచులు పేర్చి, తూకం వేసి, ఫొటోలు తీసి, ఇన్ని కిలోలని ప్రకటిస్తే అందరం చప్పట్లు కొట్టాము. సంచులను తీసుకెళ్లవలసిన బండి మర్నాటి దాకా రాలేదు. రాత్రి పోటు ఒడ్డు పైదాకా వచ్చింది, కుక్కలు కొన్ని సంచులను చింపాయి, తెల్లవారేసరికి మేము ఏరినదానిలో కొంత మళ్లీ ఇసుకలోనే ఉంది. ఆ సంగతి కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఇంకొకటి ఉంది. వారం తర్వాత, ఆ రోజు వచ్చిన మిత్రులను "మనం ఏరినవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నదేమిటి?" అని అడిగితే ఒకరు సీసాలన్నారు, ఒకరు క్యారీబ్యాగులన్నారు, మిగిలినవారు గుర్తులేదన్నారు. నా దగ్గర కూడా జవాబు లేదు. మూడు గంటలు వంగి ఏరిన మాకే ఆ తీరం మీద ఏముందో తెలియనప్పుడు, చూసినవారికి మేము తెలియజెప్పినదేమిటి?

ఇంటర్నేషనల్ కోస్టల్ క్లీనప్ ఈ ప్రశ్నకు జవాబుగానే పుట్టిందని దాని చరిత్ర చదివాక నాకు అర్థమైంది. 1984లోనే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర తీరంలో జూడీ నీల్సన్ చొరవతో రెండు వేల మందికి పైగా వాలంటీర్లు ఒక్క రోజున చెత్త ఏరారు. కాబట్టి జనాన్ని ఒడ్డుకు పిలిచి శుభ్రం చేయించడం అప్పటికే తెలిసిన పనే. 1986లో లిండా మరానిస్, క్యాథీ ఓహారా అనే ఇద్దరు, అప్పట్లో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ అనే పేరుతో ఉన్న ఇదే సంస్థ తరఫున, టెక్సాస్ తీరంలో 2,800 మందితో 124 టన్నుల చెత్త తీయించినప్పుడు, దొరికిన వస్తువులను రకాలవారీగా నమోదు చేయమని వాలంటీర్లను కోరారు. అలా పోగైన వివరాలు, నౌకల నుంచి ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయడాన్ని నిషేధించే మార్పోల్ ఒప్పందపు ఐదో అనుబంధాన్ని అమెరికా ఆమోదించాలని వాదించినవారికి ఆధారంగా ఉపయోగపడ్డాయి. ఆ అనుబంధం 1988 డిసెంబర్ 31న అమలులోకి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం కెనడా, మెక్సికో చేరడంతో కార్యక్రమం అంతర్జాతీయమైంది. ఇప్పటి దాకా వందకు పైగా దేశాల్లో కోటిన్నరకు మించిన వాలంటీర్లు ఇందులో పాల్గొన్నారు.

ఇక దొరికిన వస్తువులను నమోదు చేసే కార్డు విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ సేవలో అసలైన వస్తువు అదే. చేతి తొడుగులు, సంచులు ఎవరైనా తెచ్చుకోగలరు. కార్డు మీద తీరాన తరచుగా దొరికే వస్తువుల పేర్లు వరుసగా ఉంటాయి. సిగరెట్ పీకలు, తినుబండారాల రేపర్లు, స్ట్రాలు, చెంచాలు, ఫోర్కులు, ప్లాస్టిక్ మూతలు, లోహపు మూతలు, సీసాలు, డబ్బాలు, కప్పులు, సంచులు ముందుగా వస్తాయి. తర్వాత వేట సామగ్రికి ఒక విభాగం ఉంటుంది. వల ముక్కలు, తాళ్లు, గాలపు తీగలు, తేలుడు బుడ్లు అందులోకి వస్తాయి. ప్యాకింగు వస్తువులకు, వ్యక్తిగత పరిశుభ్రతకు వాడేవాటికి, టైర్ల వంటి పెద్ద వస్తువులకు వేరువేరు చోట్లున్నాయి. రెండున్నర సెంటీమీటర్ల కన్నా చిన్నవైన ప్లాస్టిక్, ఫోమ్, గాజు ముక్కలకు ప్రత్యేకంగా వరుసలున్నాయి. చిక్కుకుపోయిన లేదా చనిపోయిన జంతువులు కనిపిస్తే రాయడానికి కొంత చోటు ఉంది. ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా ఆందోళన కలిగించే వస్తువు ఏదైనా ఉంటే దాని పేరు మనమే రాసుకోవచ్చు. ప్రతి వస్తువుకూ ఒక నిలువు గీత, ఐదోదానికి అడ్డగీత. పలక పట్టిన పిల్లవాడికి కూడా అర్థమయ్యే పద్ధతి. చివర ఎంతమంది పాల్గొన్నారు, ఎంత దూరం శుభ్రం చేశారు, ఎన్ని సంచులు నిండాయి, ఎంత బరువు తూగింది అన్నవి రాయాలి. గమనించండి, బరువు కార్డు మీద ఉన్నది చివరి అంకెల్లో ఒకటిగానే. అన్నిటికన్నా ముందున్నవి వస్తువులు.

మా బృందంలోని పెద్దవాళ్ల కోసం ఈ పేర్లన్నిటినీ తెలుగులో రాసి, పక్కన చిన్న బొమ్మలు గీసి పెట్టుకున్నాము. ఇది చేయడం వల్ల పని రెట్టింపు సులువైంది.

ఒడ్డు మీద పద్ధతి ఇలా సాగుతుంది. ముగ్గురు నలుగురు ఒక జట్టు. ఒకరు కార్డు పట్టుకుని రాస్తారు, మిగిలినవారు వస్తువును పైకెత్తి పేరు పలికి సంచిలో వేస్తారు. మొదటి పావుగంట ఇది చాలా నెమ్మదిగా అనిపిస్తుంది. లెక్క రాయకుండా ఏరితే అదే సమయంలో రెండింతల చెత్త ఏరగలమన్నది నిజమే, మొదటిసారి వచ్చినవారు ఆ మాట అని అసహనపడతారు కూడా. కాసేపటికి జరిగేది వేరు. పేరు పలకాలంటే చూడాలి, చూడాలంటే ఆగాలి. "చెత్త" అనే ఒకే మాటగా కనిపించినది పీకగా, మూతగా, తాడుగా, పళ్లపుల్లగా విడిపోతుంది. పోటు వచ్చి వెనక్కి వెళ్తూ వదిలిన గీత వెంట ఒకరకమైన వస్తువులు, ఇసుక దిబ్బల దగ్గర మరోరకం, కాలువ సముద్రంలో కలిసే చోట ఇంకోరకం ఉన్నాయని జట్టులో ఎవరో ఒకరు గుర్తిస్తారు. నా మొదటి ఏడు మా జట్టులో వచ్చిన ఒక గృహిణి, కాలువ ముఖద్వారం దగ్గర నీలం రంగులో, తెలుపు రంగులో సన్నని ప్లాస్టిక్ పుల్లలు ఏరుతూ, నలభై దాటాక ఆగి, "ఇవి చెవుల్లో పెట్టుకునే పుల్లల్లా ఉన్నాయి కదండీ, ఒడ్డుకొచ్చి ఎవరు చెవులు శుభ్రం చేసుకుంటారు?" అని అడిగారు. కార్డు రాస్తున్న పెద్దాయన, మరుగుదొడ్డిలో వేసి నీళ్లు వదిలితే అవి మురుగుకాలువల గుండా, శుద్ధి కేంద్రాల జల్లెడలను సైతం దాటుకుని సముద్రానికి చేరతాయని చెప్పారు. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత "మా ఇంట్లో అలాగే వేస్తామండీ" అన్నారు. ఎన్నో అవగాహన సదస్సులకు వెళ్లాను. అక్కడ ఇంత సూటిగా ఒక మనిషికీ సముద్రానికీ మధ్య దారి తెరుచుకోవడం నేను చూడలేదు. ఆ ప్రశ్న ఆవిడకు పుట్టడానికి కారణం నలభై గీతలు. నాలుగు పుల్లలైతే సంచిలో పడిపోయి ఉండేవి.

లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఒక చిన్న గణితం చాలు. 2010 ఒక్క సంవత్సరంలో భూమి మీద నుంచి సముద్రాలకు చేరిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నుల మధ్య ఉంటుందని 2015లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన అంచనా వేసింది. ఈ కార్యక్రమం మొదలైన నాటి నుంచి ప్రపంచమంతటా కలిపి వాలంటీర్లు ఏరిన మొత్తం చెత్త రెండు లక్షల టన్నులకు లోపే. అంటే, అన్ని దేశాల వారూ ఇన్ని దశాబ్దాలపాటు వంగి ఏరినది, ఒక్క ఏడాదిలో కొత్తగా చేరిన ప్లాస్టిక్‌కు వేసిన కనీస అంచనాలో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఈ అంకె చూసి నిరాశపడి ఇంట్లో కూర్చోమని నేను అనను. ఏరిన ప్రతి వల ముక్కా ఒక తాబేలు మెడకు చుట్టుకోకుండా ఆగినట్టే. అయితే సంచుల బరువును గొప్పగా చెప్పుకునే కార్యక్రమం, వచ్చినవారికి సముద్రం శుభ్రపడిందన్న తృప్తినిచ్చి పంపుతుంది. కార్డు నింపించే కార్యక్రమం, ఇంత చెత్త ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్ననిచ్చి పంపుతుంది. నేను ఈ సేవకు ఎక్కువ మార్కులు వేస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

ఆ గీతలు కాగితాన్ని దాటి ఎంత దూరం వెళ్లగలవో యూరప్ అనుభవం చూపిస్తుంది. అక్కడి తీరాల్లో ఏళ్ల తరబడి ఇలాగే వస్తువులను లెక్కపెట్టి, అందులో ఎక్కువగా దొరికే పది రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను, వాటితోపాటు వేట సామగ్రిని గుర్తించారు. సముద్రపు చెత్తలో 70 శాతం ఇవేనని తేలింది. ఆ జాబితా ఆధారంగానే యూరోపియన్ యూనియన్ 2019లో ఒక ఆదేశం తెచ్చి, చెవి పుల్లలు, స్ట్రాలు, ప్లాస్టిక్ పళ్లాలు, చెంచాలు, ఫోర్కులు వంటివాటి అమ్మకాన్ని 2021 జులై 3 నుంచి నిలిపివేసింది. ఒడ్డు మీద విడి మూతలు కూడా ఎక్కువగా కనిపిస్తుండటంతో, 2024 జులై నుంచి పానీయాల ప్లాస్టిక్ సీసాలకు మూత ఊడిరాకుండా అంటిపెట్టుకుని ఉండాలన్న నిబంధన కూడా ఇదే ఆదేశంలో పెట్టారు. మూతను వేరుగా, సీసాను వేరుగా లెక్కపెట్టమని కార్డు అడగడం మొదటిసారి చాదస్తంగా తోచిన నాకు, ఈ నిబంధన గురించి చదివాక ఆ రెండు వరుసల విలువ తెలిసింది.

ఇక ఈ కార్యక్రమపు సొంత గణాంకాల్లో అందరికీ చెప్పవలసిన విషయం సిగరెట్ పీకలది. దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం లెక్కలో మొదటి స్థానం వాటిదే. 2019లో మాత్రం తొలిసారిగా తినుబండారాల రేపర్లు 47 లక్షలు దాటి పీకలను వెనక్కి నెట్టాయి. పీకలు సుమారు 42 లక్షలు. సిగరెట్ పీకలోని ఫిల్టరు దూదిలా కనిపించినా అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ అన్న సంగతి, నేను మాట్లాడినవారిలో పదిమందికి తొమ్మిది మందికి తెలియదు. బడి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. దొరికిన పీకలను ఒక గాజు సీసాలో వేసి బల్ల మీద పెడితే వాళ్లే అడగడం మొదలుపెడతారు.

కార్డుకు బదులుగా క్లీన్ స్వెల్ అనే ఉచిత యాప్ ఉంది. వస్తువు బొమ్మను తాకితే లెక్కలో ఒకటి చేరుతుంది, ముగించాక వివరాలన్నీ సంస్థ వారి టైడ్స్ అనే డేటాబేస్‌కు నేరుగా వెళ్తాయి. ఆ డేటాబేస్‌ను ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఒంటరిగా ఒడ్డు వెంట నడిచేవారికి, కుటుంబంతో వెళ్లేవారికి ఈ యాప్ చాలా అనుకూలం. పెద్ద బృందానికి మాత్రం నేను కాగితాన్నే సిఫారసు చేస్తాను. తడి ఇసుక అంటిన తొడుగుతో ఫోన్ తాకడం కష్టం, ఎండలో తెర కనిపించదు, అన్నిటినీ మించి ఫోన్ ఒకరి చేతిలో ఉంటే ఆ తెర ఒక్కరికే కనిపిస్తుంది. గీతలు పెరుగుతున్న కాగితం చుట్టూ జట్టంతా చేరుతుంది. ఇంటికి వచ్చాక కార్డులన్నిటినీ కలిపి కంప్యూటర్లో ఎక్కించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ శ్రమకు సిద్ధపడే మనిషి బృందంలో ఒకరు ఉండాలి, లేకపోతే గీతలు బీరువాలోనే ఉండిపోతాయి.

లోపాల గురించి కూడా అంతే స్పష్టంగా రాయాలి. మొదటిది పోల్చి చూడటంలో వచ్చే ఇబ్బంది. ఎంత దూరం నడవాలి, ఎంతసేపు ఏరాలి, ఎంతమంది ఉండాలి అన్న నియమం ఇక్కడ లేదు. ఒక ఏడు ఇరవై మందితో అర కిలోమీటరు, మరో ఏడు అరవై మందితో రెండు కిలోమీటర్లు శుభ్రం చేస్తే, పీకల సంఖ్య పెరిగిందని సంతోషపడాలో దిగులుపడాలో తెలియదు. బ్రిటన్‌లో మెరైన్ కన్జర్వేషన్ సొసైటీ నడిపే బీచ్‌వాచ్ కార్యక్రమంలో వంద మీటర్ల కొలత ఖచ్చితంగా పాటిస్తారు. ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఓస్పార్ పద్ధతిలో అదే వంద మీటర్ల తీరాన్ని ఏడాదికి నాలుగుసార్లు లెక్కిస్తారు. మార్పు వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఆ పద్ధతే సరైనది. మేము రెండో ఏటి నుంచి ఒక మధ్యేమార్గం పాటించాము. మొత్తం తీరం అందరూ ఏరినా, గుర్తులు పాతిన వంద మీటర్ల ముక్కను మాత్రం ఒకే జట్టుకు అప్పగించి, దాని కార్డును విడిగా దాచాము. అదే ముక్కను మూడు నెలలకోసారి వెళ్లి లెక్కిస్తున్నాము. ఈ కార్యక్రమాన్ని చేపట్టాలనుకునే ఏ బృందమైనా ఈ ఒక్క పని అదనంగా చేస్తే వారి కార్డుల విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రెండోది, కార్డు వస్తువు ఏమిటో అడుగుతుంది, ఎవరు తయారు చేశారో అడగదు. రేపరు అని రాస్తాము, దాని మీది కంపెనీ పేరు రాయము. దాంతో బాధ్యత అంతా పారేసినవారి మీదే ఉన్నట్టు వాలంటీర్లకు అనిపించే ప్రమాదం ఉంది. బ్రేక్ ఫ్రీ ఫ్రమ్ ప్లాస్టిక్ అనే ఉద్యమ సంస్థల కూటమి 2018 నుంచి ప్రపంచస్థాయిలో చేస్తున్న బ్రాండ్ ఆడిట్లు ఈ లోటును పూరిస్తాయి. అక్కడ ప్రతి ముక్క మీది పేరునూ రాస్తారు. రెండు పద్ధతులనూ ఒకే రోజు కలపడం కష్టమే గానీ, ఒక జట్టుకు ఆ పని అప్పగించవచ్చు. ఈ సందర్భంలోనే ఇంకొకటి చెప్పాలి. 2015లో ఓషన్ కన్జర్వెన్సీ వెలువరించిన ఒక నివేదిక, సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో సగానికి పైగా ఐదు ఆసియా దేశాల నుంచే వస్తోందని చెప్పి, చెత్తను కాల్చి శక్తిని తీసే పద్ధతులను కూడా పరిష్కారాల్లో చేర్చింది. చెత్తను ఎగుమతి చేసే సంపన్న దేశాల పాత్రను, ప్లాస్టిక్ ఉత్పత్తిని వదిలేశారని ఆసియా దేశాల పర్యావరణ సంఘాలు గట్టిగా అభ్యంతరం తెలిపాయి. 2022లో సంస్థ ఆ నివేదికను ఉపసంహరించుకుని క్షమాపణ చెప్పింది. తప్పును బహిరంగంగా ఒప్పుకోవడాన్ని నేను గౌరవిస్తాను. అయినా ఈ చరిత్ర తెలిసే పాల్గొనాలి, ఎందుకంటే ఒడ్డున దొరికిన వస్తువు చివరి మజిలీ మాత్రమే. అది ఎక్కడ తయారైంది, ఎక్కడెక్కడ తిరిగి వచ్చింది అన్నది మన లెక్కలో ఉండదు.

మూడో లోపం అన్నిటికన్నా లోతైనది. ఒడ్డుకు కొట్టుకొచ్చేది మాత్రమే సముద్రపు కష్టం కాదు. వాతావరణంలో మనం పెంచిన అదనపు వేడిలో 90 శాతం దాకా సముద్రాలే ఇముడ్చుకుంటున్నాయి, మనం వదిలే కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతు వాటిలోకే చేరి నీటిలో ఆమ్లత్వాన్ని పెంచుతోంది, లెక్కలోకి వచ్చిన చేపల సంతతుల్లో మూడో వంతుకు పైగా తట్టుకోలేనంత వేటకు గురవుతున్నాయి. వీటిలో ఒక్కటీ సంచిలో పడదు, ఏ వరుసలోనూ గీతగా మారదు. రోజంతా ప్లాస్టిక్ ఏరిన పిల్లవాడికి సముద్ర సంరక్షణ అంటే ప్లాస్టిక్ ఏరడమే అనిపిస్తే ఆ తప్పు పిల్లవాడిది కాదు. ఈ కార్యక్రమం ఒక తలుపు తెరుస్తుంది గానీ లోపలికి తీసుకెళ్లే మనిషిని ఇవ్వదు. ఆ మనిషిని మనమే వెతుక్కోవాలి. మేము రెండో ఏడు పని ముగిశాక, నీడలో కూర్చున్న వాలంటీర్ల ముందు వేటకు వెళ్లే ఒక పెద్దాయనను మాట్లాడమని కోరాము. ముప్ఫై ఏళ్లలో వలలో పడే చేపల పరిమాణం ఎలా తగ్గిందో, దూరం ఎలా పెరిగిందో ఆయన తన మాటల్లో చెప్పారు. వేట మానుకున్న చోట చేపలు తిరిగి పెరుగుతాయా అని ఒకరు అడిగితే, ఫిలిప్పీన్స్‌లోని అపో దీవిలో 1982 నుంచి మత్స్యకారులే కొంత పగడపు దిబ్బను వేటకు మూసివేసి కాపాడుకుంటున్న సంగతి నేను చెప్పాను. ఆయన నా కన్నా ముందుకు వంగి విన్నారు. ఆ అరగంట సంభాషణ కార్యక్రమంలో భాగం కాదు, సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ లేదు, అయినా మూడేళ్లలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకాల్లో అదొకటి.

సమన్వయకర్తగా చేరేవారికి కొన్ని ఆచరణ విషయాలు. ఆటు సమయం చూసుకుని మొదలుపెట్టాలి, అప్పుడే పోటు గీత వెంట పూర్తిగా నడవగలం. సూదులు, పగిలిన గాజు పిల్లల చేత ముట్టించకూడదు. వాటికి గట్టి డబ్బా, పట్టుకారు, ఒక పెద్దమనిషి ఉండాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును ఏరకూడదని మొదలుపెట్టే ముందే చెప్పాలి. చూడటానికి అది చెత్తలా కనిపిస్తుంది గానీ, దాని కింద చిన్న జీవులు బతుకుతాయి, వాటిని తిని ఒడ్డు పక్షులు బతుకుతాయి. చనిపోయిన జంతువును తాకకుండా వివరాలు రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సంచులు ఎక్కడికి వెళ్తాయన్నది ముందురోజే స్థానిక సంస్థతో మాట్లాడి నిర్ణయించాలి. ఉప్పునీరు, ఇసుక అంటిన ప్లాస్టిక్ చాలావరకు రీసైక్లింగుకు పనికిరాదన్న నిజాన్ని వాలంటీర్ల దగ్గర దాచకూడదు. తీరానికి దూరంగా ఉన్నవారు చేరలేమని అనుకోనక్కరలేదు. నది ఒడ్డున, కాలువ గట్టున, చెరువు చుట్టూ చేసినా కార్డు ఒకటే, సముద్రానికి చేరే దారిలో ముందే ఆపినట్టు అవుతుంది కాబట్టి నేను వాటినే ఇంకా ఎక్కువగా ప్రోత్సహిస్తాను.

ఏటా ఒక్కరోజే కావడం గురించి చాలామంది విమర్శిస్తారు. అది న్యాయమే. అయితే కార్డుకూ యాప్‌కూ తేదీ నియమం లేదు, ఏ రోజు చేసినా లెక్క చేరుతుంది. ముంబయిలోని వర్సోవా తీరంలో న్యాయవాది అఫ్రోజ్ షా 2015లో ఒక వృద్ధ పొరుగాయనతో కలిసి మొదలుపెట్టి, వారం వారం సాగించిన శుభ్రత పని ఎంత పెద్ద ఉద్యమంగా మారిందో, 2016లో ఐక్యరాజ్యసమితి ఆయన్ను చాంపియన్ ఆఫ్ ది ఎర్త్ పురస్కారంతో గౌరవించిందో అందరికీ తెలుసు. ఆ వారం వారపు పట్టుదలకు ఈ కార్డును జోడించగలిగిన బృందం దొరికితే నేను ఆ బృందంలో చేరడానికి సిద్ధంగా ఉన్నాను. కేవలం ఒక ఉదయం ఫొటోలు తీసుకుని వెళ్లాలనుకునే సంస్థలకు మాత్రం ఈ కార్యక్రమాన్ని సిఫారసు చేయలేను. కార్డులు సగంలోనే ఆగిపోతాయి. ఇరవై ముప్ఫై మందికి మించని, మళ్లీ మళ్లీ కలుసుకునే బృందాలకు ఇది చక్కగా అమరుతుంది. బడులకైతే మరీ మంచిది. సోమవారం తరగతి గదిలో ఆ కార్డులే లెక్కల పాఠమవుతాయి.

మొదటి ఏడు చెవి పుల్లల గురించి అడిగిన ఆవిడ మూడో ఏడు ఇద్దరు ఇరుగుపొరుగు వారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఈసారి కార్డు తానే రాస్తానని పెన్ను అడిగి తీసుకున్నారు. కాలువ ముఖద్వారం దగ్గర పుల్లల లెక్క ముగిసేసరికి నలభై ఏడు. మొదటి ఏటి కన్నా తక్కువేమీ కాదు. ఆవిడ ఆ వరుసను రెండుసార్లు సరిచూసుకుని, కార్డును ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. వచ్చే ఆదివారం తమ అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో చూపించి, ప్రతి ఇంట్లో స్నానాల గదిలో ఒక చిన్న చెత్తబుట్ట పెట్టమని అడుగుతానని చెప్పారు.